చెవికెక్కని అంకెలు

కంప్యూటర్లో పాటలు హెడ్‌ఫోన్‌తో వినేవాళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. బోర్డు మీద వచ్చే సౌండ్ చిప్పు పనికిరాదు, వేరే సౌండ్ కార్డు కొనాల్సిందే. కొనేటప్పుడు పెట్టె మీద 32 బిట్లు, 384 కిలోహెర్ట్జ్ అని ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు.

ఈ మాట నాకు మొన్న కిమ్‌లో ఎదురైంది. సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్లే రైలు దారిలో, ఓల్పాడ్ తాలూకాలో ఉన్న ఊరది. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వలసొచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్ మరమగ్గాలనే నమ్ముకుని బతుకుతున్నాయి. అలాంటి ఇంటి కుర్రాడొకడు మగ్గాల షెడ్డు గుమ్మంలో ఫోను తెర మీద ఒక సౌండ్ కార్డు చూపించాడు. "అన్నా, గిది పెడితే ఘంటసాల పక్కన కూసోని పాడినట్టే ఉంటదంట. 1,800. తీస్కోనా?"

వద్దన్నాను. ఎందుకో చెప్పబోతే సాంచెల (మరమగ్గాల) మోతలో నా మాట నాకే వినబడలేదు. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతాను.

ముందు ఆ అంకెల సంగతి. మనిషి చెవికి వినబడేది 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, అదీ పడుచు వయసులో. ఒక శబ్ద తరంగాన్ని పూర్తిగా పట్టుకోవాలంటే సెకనుకు దాని కంపనాల సంఖ్యకు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలు. 1982లో అమ్మకానికొచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది, అందులో సగం 22,050. అంటే చెవి హద్దు అప్పుడే దాటేశాం. దాని 16 బిట్లు అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెల్‌ల ఎడం ఇస్తాయి. 384 కిలోహెర్ట్జ్ లెక్కన 1,92,000 హెర్ట్జ్ దాకా పట్టుకోవచ్చు. ఆ కార్డు కొనాల్సింది గబ్బిలం.

"లెక్కలు వేరు, వినికిడి వేరు" అంటారు. అదీ పరీక్షించారు. మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఎక్కువ అంకెల రికార్డింగులను ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి కుదించి వినిపించారు. ఏది ఏదో వినేవాళ్లకు చెప్పలేదు. ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో 2007లో వచ్చిన ఫలితం ఇది: 554 ప్రయత్నాల్లో సరిగ్గా చెప్పినవి 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

పైగా మనం వినేదేమిటి? 1957 నాటి 'మాయాబజార్' పాటలు, అవీ యూట్యూబ్‌లో. ఆ రోజుల రికార్డింగులో 20 వేల హెర్ట్జ్ దాటిన సంగీతమంటూ లేదు. యూట్యూబ్ వాడే ఓపస్ పద్ధతి 20 వేల పైనున్నదాన్ని ఎలాగూ వదిలేస్తుంది. బావిలో లేని నీళ్లు బొక్కెనలోకి ఎక్కడినుంచి వస్తాయి?

అవతలివాళ్ల మాట ఒకప్పుడు నిజమే, ఒప్పుకుంటాను. 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డు వచ్చేనాటికి మామూలు పీసీ గొంతు బీప్ దగ్గరే ఆగింది. ఇంటెల్ 1997లో ఏసీ'97, 2004లో హెచ్‌డీ ఆడియో తెచ్చాక శబ్దం బోర్డులోకే చేరింది గానీ, తొలినాళ్లలో మౌస్ కదిపితే చెవిలో గరగర వినబడేది. క్యాబినెట్ ముందు జాక్‌కు వెళ్లే పొడుగు తీగ ఇప్పటికీ కొన్నిచోట్ల ఆ గరగరను మోసుకొస్తుంది. అయితే ఆ జబ్బుకు మందు తక్కువ రొద, అంతేగాని ఎక్కువ కిలోహెర్ట్జ్ కాదు.

కాబట్టి కార్డు కొనడానికి మూడే కారణాలు. మొదటిది రొద. పాట ఆపి హెడ్‌ఫోన్ పెట్టుకోండి. బుసగానీ గరగరగానీ వినబడుతోందా? ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే పోతోందా? పోతే ముందు ఎర్తింగు చూసుకోండి. డెస్క్‌టాప్ అయితే వెనక జాక్‌లో పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే బయట పెట్టుకునే చిన్న యూఎస్‌బీ కార్డు న్యాయమైన ఖర్చే.

రెండోది బలం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్, ఒక మిల్లీవాట్‌కు 100 డెసిబెల్ ఇచ్చేదనుకుందాం. చెవులు గింగుర్లెత్తే 110 డెసిబెల్‌కు దానికి కావలసింది 0.57 వోల్టు. చాలా ల్యాప్‌టాప్‌లు అంతమాత్రం ఇస్తాయి. అదే 300 ఓమ్‌లు, 97 డెసిబెల్‌ల స్టూడియో రకానికి సుమారు 2.5 వోల్టులు కావాలి. అక్కడ ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది, కార్డు కావాలి. అంటే చూడాల్సిన అంకెలు హెడ్‌ఫోన్ పెట్టె మీదున్నాయి, కార్డు పెట్టె మీద కాదు.

మూడోది పొత్తు. కార్డు సొంత ఇంపెడెన్స్ (ఓమ్‌లలో కొలిచే అడ్డగింపు) హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదని వాడుకలో ఉన్న లెక్క. 32 ఓమ్‌లకు నాలుగు లోపు. మించితే కొన్ని హెడ్‌ఫోన్‌లలో మృదంగం అవసరానికి మించి ఉబ్బుతుంది. అమెరికాలో యాపిల్ 9 డాలర్లకు అమ్మే తోకలాంటి అడాప్టర్‌ది ఒక ఓమ్ దరిదాపే. ధరకూ ఈ గుణానికీ పెద్ద చుట్టరికం లేదు. ఇక 200 రూపాయల కార్డు మీద 7.1 అని రాసి ఉంటే నవ్వి ఊరుకోండి. చెవులు రెండే, ఆ మిగతా స్పీకర్లు సాఫ్ట్‌వేర్ ఆడే నాటకం.

ఈ మూడు కారణాల్లో ఒక్కటీ లేకపోతే ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టండి. పాట రంగు మార్చేది అది. నమ్మకపోతే పాత కార్డునూ కొత్తదాన్నీ ఒకే వాల్యూమ్‌లో పెట్టించి, చూడకుండా పదిసార్లు వినండి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగనిపిస్తుంది కాబట్టి వాల్యూమ్ సమానం చేయడం ముఖ్యం. పదింట తొమ్మిదిసార్లు ఏది ఏదో పోల్చుకోగలిగితే నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఆ కుర్రాడి సంగతి మాత్రం వేరు. ఏ కార్డు కావాలో తేల్చుకునే ముందు అతనికి చెవి కావాలి. కర్మాగారాల నిబంధనలు 8 గంటల పనికి 90 డెసిబెల్‌ల దగ్గర గీత గీశాయి. మగ్గాల షెడ్డులో ఆ గీత దాటడం మామూలే, అతని షిఫ్టేమో 12 గంటలు. మోత దెబ్బ ముందుగా తగిలేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల. గాయకుడు పలికే 'స', 'శ'ల తేడా తెలిసేదీ ఆ చుట్టుపక్కలే. షిఫ్టు దిగిన రాత్రి చెవి మొద్దుబారి ఉంటుంది. వాల్యూమ్ పెంచుతాడు, చాలదు, ల్యాప్‌టాప్‌ను తిట్టుకుంటాడు. 1,800 పెట్టి అదే చెవిలోకి ఇంకా గట్టిగా మోత పోస్తాడు.

తమ్మీ, నాలుగు జతల నురగ ఇయర్‌ప్లగ్గులు కొనుక్కుని షెడ్డులో పెట్టుకో. సెలవు రోజు పొద్దున్నే, టీ కూడా తాగకముందు, నీ పాత ల్యాప్‌టాప్‌లో అదే పాట పెట్టు. అప్పటికీ ఘంటసాల దూరంగానే ఉన్నాడనిపిస్తే ఫోన్ చెయ్. ఏ కార్డు కొనాలో ఇద్దరం కలిసి చూద్దాం.