పేరుకు స్వచ్ఛంద సేవ, పనికి దినకూలీ

ఏటా డిసెంబరు 6న దేశమంతటా హోంగార్డుల ఆవిర్భావ దినోత్సవం జరుగుతుంది. మంత్రులు గౌరవ వందనం స్వీకరిస్తారు. ‘నిస్వార్థ సేవ’ అన్న మాట ప్రతి ప్రసంగంలోనూ వినిపిస్తుంది. మర్నాటి నుంచి అదే హోంగార్డు కూడలిలో ట్రాఫిక్ నియంత్రిస్తాడు, అధికారి వాహనం నడుపుతాడు, ఠాణాలో రాతకోతలు చూస్తాడు. ఇందుకు అతడికి ముట్టేదాన్ని ప్రభుత్వం జీతమని పిలవదు. అది ‘విధి భత్యం’. అతడు ఉద్యోగి కాడు, ‘వాలంటీరు’. ఆ ఒక్క మాట చాటున సర్కార్లు దశాబ్దాలుగా రెండు బాధ్యతల నుంచి తప్పించుకుంటున్నాయి: ఒకటి అతడి పట్ల, రెండోది పౌరుడి పట్ల.

హోంగార్డుల వ్యవస్థ 1946 డిసెంబరులో బొంబాయి రాష్ట్రంలో పుట్టింది. మతకల్లోలాల వేళ పోలీసులకు తోడుగా నిలిచే పౌరదళంగా దాన్ని ఊహించారు. 1962 చైనా యుద్ధం తరువాత కేంద్రం దాన్ని దేశమంతటికీ విస్తరింపజేసింది. డాక్టరు, వకీలు, ఉపాధ్యాయుడు, రైతు ఎవరి వృత్తిలో వారుంటూనే తుపాను, అగ్నిప్రమాదం, వైమానిక దాడి వంటి ఆపదలు వచ్చినప్పుడు ఆదుకోవాలన్నది ఉద్దేశం. బతుకుతెరువు వేరే ఉన్నవాడు తన తీరిక సమయాన్ని దేశానికివ్వడమే అసలైన స్వచ్ఛంద సేవ. నేడు నెల పొడవునా ఠాణాలోనే పనిచేస్తూ, వేరే ఆధారం లేక ఆ దినభత్యంతోనే ఇల్లు గడుపుకుంటున్న వ్యక్తిని వాలంటీరు అనడం భాషకే అన్యాయం.

లెక్కలు చూస్తే మర్మం బోధపడుతుంది. దేశంలో హోంగార్డుల మంజూరు బలం దాదాపు 5.73 లక్షలు. 2020 జనవరి నాటికి రాష్ట్రాల పోలీసు బలగాల్లో ఖాళీలు 5.31 లక్షలు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఒకటి రెండోదాన్ని భరించగలిగేలా చేస్తోందన్నది మాత్రం నిజం. ఖాళీ భర్తీ చేస్తే వేతన స్కేలు, పింఛను, పదోన్నతి ఇవ్వాలి. హోంగార్డును నిలబెడితే ఆ తలనొప్పి ఉండదు.

2015లో హిమాచల్‌ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు వారిని క్రమబద్ధీకరించాలన్న వాదనను అంగీకరించలేదు. అయితే 30 రోజుల భత్యం కలిపితే ఆ రాష్ట్ర పోలీసు సిబ్బందికి దక్కే కనీస వేతనానికి తగ్గకుండా ఉండాలని ఆదేశించింది. ఆ న్యాయం రాష్ట్రాలకు మింగుడుపడలేదు. భత్యం పెంచక తప్పని స్థితి వచ్చాక, 2019 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో సుమారు 25 వేల మంది హోంగార్డులను బడ్జెట్ చాలదంటూ విధుల నుంచి తప్పించబోయారు. నిరసనలు పెల్లుబికాక వెనక్కి తగ్గారు. తెలంగాణలో 2025 జనవరి నుంచి దినభత్యం రూ.921 నుంచి రూ.1,000కి పెరిగింది. పెంపు మంచిదే. కానీ రోజుకింత అని లెక్కగట్టే పద్ధతి మారనంత కాలం అతడి భద్రత మాత్రం దినకూలీదే.

ఇక శిక్షణ సంగతి. కానిస్టేబులుకు సాధారణంగా తొమ్మిది నెలల శిక్షణ ఉంటుంది. అదే ఖాకీ తొడిగి, అదే లాఠీ పట్టి, అదే జనం మధ్య నిలబడే సహాయకుడికి అందులో స్వల్పభాగమే దక్కుతోంది. దీని అంతిమ రూపాన్ని బస్తర్‌లో చూశాం. ఐదో తరగతి చదివిన ఆదివాసీ యువకులను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం నెలకు రూ.3,000 గౌరవవేతనంతో ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి, రెండు నెలల శిక్షణతో మావోయిస్టులపైకి పంపింది. అందులో చట్టాల బోధనకు కేటాయించింది కేవలం 24 గంటలు. తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ 2011 జులై 5న దీన్ని రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేశారు. రాష్ట్రం కొత్త చట్టం చేసి, వారినే సహాయక సాయుధ బలగంగా మార్చుకుంది. 2025 ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో జస్టిస్ సుదర్శన్ రెడ్డి అభ్యర్థి అయినప్పుడు కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆ తీర్పునే ఆయనపై ఆయుధంగా వాడారు. అరకొర శిక్షణతో పేదపిల్లలను తుపాకుల ముందు నిలబెట్టడం తప్పన్నందుకు, పద్నాలుగేళ్ల తరువాత కూడా న్యాయమూర్తి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం మన రాజకీయాలకు అద్దం.

బెంగాల్ మరో పాఠం. సివిక్ వాలంటీర్లకు శాంతిభద్రతల విధులు అప్పగించరాదని 2023 మార్చిలో హైకోర్టు జోక్యంతో పోలీసుశాఖ ఉత్తర్వు ఇచ్చింది. మరుసటి ఏడాది కోల్‌కతా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో యువ వైద్యురాలి అత్యాచారం, హత్య కేసులో పట్టుబడి, తరువాత శిక్ష పడినది ఒక సివిక్ వాలంటీరుకే. అప్పుడుగానీ ఈ నియామకాలు ఎవరు, ఏ అర్హతతో, ఏ పరిశీలనతో చేస్తున్నారని సుప్రీంకోర్టు నిలదీయలేదు. ఒకడి నేరాన్ని లక్షలమందికి అంటగట్టడం అన్యాయం. కానీ వడపోత లేకుండా యూనిఫాం పంచిపెట్టిన ప్రభుత్వాలకు ఆ సాకు వర్తించదు.

ఖజానా భరించలేదన్నది పాలకుల సిద్ధ సమాధానం. బ్రిటన్‌లో స్పెషల్ కానిస్టేబుళ్లు జీతం లేకుండానే పనిచేస్తారు కదా అని మరికొందరి వాదన. అక్కడ వారికి వేరే కొలువులున్నాయి, శిక్షణ పొంది ప్రమాణం చేశాక పూర్తిస్థాయి పోలీసు అధికారాలున్నాయి, వాటితోపాటే జవాబుదారీ ఉంది. ఇక్కడ మనం తీసుకున్నది జీతం లేకపోవడాన్ని మాత్రమే.

దారులు రెండే. ఏడాది పొడవునా పోలీసు పని చేయించుకునేవారికి పరీక్ష, పూర్తి శిక్షణ, వేతనంతో బలగంలో చోటివ్వాలి. లేదా వారిని నిజమైన వాలంటీర్లుగా ఉంచి, ఆపద వేళల్లోనే పిలిచి, అరెస్టు, విచారణ, లాఠీ, తుపాకీలకు దూరంగా పెట్టాలి. ఈ రెంటికీ మధ్య వేలాడదీయడం పొదుపు కాదు, మోసం. వచ్చే డిసెంబరు 6న వేదికపై ‘సేవ’ గురించి మాట్లాడబోయే మంత్రులు, ఎదుట కవాతు చేస్తున్నవారిలో ఎందరికి వేరే ఉపాధి ఉందో ముందుగా లెక్క తీయించాలి.