‘వారెన్’ అనే మాట వెనుక

ఇంగ్లీషు పాఠంలో ‘వారెన్’ అనే పదం ఎదురైతే మన విద్యార్థి నిఘంటువు తెరిచి, ‘కుందేళ్ల బొరియలు’ అని పుస్తకం అంచున వ్రాసుకొని ముందుకు సాగిపోతాడు. ఆ అర్థం తప్పు కాదు. కాని ఆ పదం పుట్టింది బొరియలో కాదు, ప్రభువుల ఆస్థానంలో.

1066లో ఇంగ్లండును జయించిన నార్మన్ల ఫ్రెంచి నుండి ఈ మాట ఇంగ్లీషులో ప్రవేశించింది. ‘కాపాడుట’ అనే అర్థం గల ప్రాచీన జర్మానిక్ ధాతువే దీనికి మూలమని పలువురు భాషావేత్తల అభిప్రాయం. ఉత్తర ఫ్రాన్సువారు వకారంతో పలికిన ఇటువంటి పదాలను పారిస్ వైపువారు గకారంతో పలికేవారు. వారంటు, గ్యారంటీ అనే రెండు మాటలు ఆ విధంగా ఏర్పడ్డ అక్కచెల్లెళ్లే. పోలీసు చూపే వారంటుకు, దుకాణదారు ఇచ్చే గ్యారంటీకి కుందేలు ఇంటితో చుట్టరికం ఉన్నదంటే నవ్వు రాక మానదు! (ఆ జంతువు చెవులను చూసి ఫారసీవారు గాడిదను తలచుకొని ఖర్గోష్ అన్నారు, మనం పిల్లిని తలచుకొని చెవులపిల్లి అన్నాము.)

అయితే ఆ కాపుదల ఎవరి కొరకు? మధ్యయుగంలో రాజు తన సామంతులకు ‘ఫ్రీ వారెన్’ అనే హక్కును శాసనపూర్వకంగా ప్రసాదించేవాడు. ఆ భూమిలో కుందేళ్లను, కౌజుపిట్టలను, అటువంటి చిన్న ప్రాణులను ఆ ప్రభువు అనుమతి లేక ఎవరూ వేటాడరాదు. అతిక్రమించినవారు రాజుకు 10 పౌన్ల అపరాధం చెల్లించవలసి ఉండేది. పేద రైతు కలలోనైనా చూడని మొత్తం అది. నార్మన్ ప్రభువులు మాంసం కొరకు, బొచ్చు కొరకు కుందేళ్లను తెచ్చి, మట్టిదిబ్బలు పోయించి పెంచారు. అవి పక్క పొలంలో పడి పైరు మేసినా రైతు చూస్తూ ఊరకుండవలసిందే. కాపుదల కుందేలుకూ కాదు, రైతుకూ కాదు. ప్రభువుగారి భోజనపు బల్లకు!

1381లో ఇంగ్లండు రైతులు తిరుగుబాటు చేసినప్పుడు సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో ప్రాణంతో ఉన్న ఒక కుందేలును పట్టి తెచ్చి, నేరస్థులను నిలబెట్టే కొయ్యకు కట్టి ఊరందరికీ చూపారు. వేటహక్కు ఇక తమదని ఆ విధంగా చాటుకున్నారు. తిరుగుబాటు అణగిపోయింది. తన పొలంలోని కుందేలును చంపే హక్కు కౌలుదారునికి తప్పక ఉండాలని పార్లమెంటు చట్టం చేసింది 1880లో. అంటే దాదాపు 500 సంవత్సరాల తరువాత.

ప్రభువు హక్కును తెలిపిన మాట క్రమంగా ఆ భూమికి, భూమి నుండి బొరియలకు, చివరకు మనుషులు కిక్కిరిసి నివసించే ఇరుకు వాడలకు పేరైంది. నేటికీ పాత ఢిల్లీ గురించో, మన పాతబస్తీ గురించో ఇంగ్లీషులో వ్రాసేవారికి ‘గల్లీల వారెన్’ అనే ప్రయోగం అలవోకగా దొర్లుతుంది. నాకు అభ్యంతరం ఇక్కడే. దారి తెలియక తికమకపడేది బయటి నుండి వచ్చినవాడు. చార్మినారు నీడలో పెరిగిన పిల్లవాడు కళ్లు మూసుకొని లాడ్ బజారు దాటి ఇల్లు చేరగలడు. వచ్చినవాని తికమకను ఉన్నవాని స్వభావంగా చిత్రించడం న్యాయమా? ఆ ప్రయోగాన్ని తెలుగులోకో ఉర్దూలోకో అనువదించే మన విద్యార్థులు ‘బొరియలు’ అని వ్రాయనక్కరలేదు. ‘ఇరుకు సందులు’, ‘తంగ్ గల్లియాఁ’ అంటే చాలు.

ఇటువంటి వివేచనకు మన గ్రంథాలయంలోని చిన్న నిఘంటువులు చాలవు. పదాల పుట్టుపూర్వోత్తరాలు తెలిపే షార్టర్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండు సంపుటాలనూ వచ్చే విద్యాసంవత్సరానికి తెప్పించవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను.