శుభలేఖలో జారిపోయిన అకారం

శుభలేఖ చేతికందగానే వధూవరుల పేర్లకంటె ముందు అచ్చుతప్పులు వెదకడం ముప్పై ఆరేళ్ళ తెలుగు పండితోద్యోగం నాకు అంటించిన జబ్బు. పోయిన వారం వచ్చిన ఒక శుభలేఖలో మాత్రం తప్పులు వెదకబుద్ధి కాలేదు. అట్టపెట్టె, దానిపై మఖమలుగుడ్డ, లోపల అద్దాలూ పూసలూ అతికించిన మూడు పత్రాలు. తెచ్చిన పెళ్ళికూతురి తండ్రి ఒకప్పుడు నా విద్యార్థి. చిన్న కిరాణా దుకాణం నడుపుకుంటున్నాడు.

"ఒక్కొక్కటి ఎంత పడిందిరా?" అన్నాను.

చెప్పి, తల వంచుకుని, "ఏం చెయ్యను మాస్టారూ, వియ్యాలవారి ముందు తేలిపోకూడదు కదా" అన్నాడు.

అప్పు చేశావా అని నేను అడగలేదు. అతని ముఖమే చెబుతున్నది. కాఫీ ఇచ్చి పంపించాను. ఆనాడు అతనికి చెప్పలేకపోయిన మాట ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

నా అభిప్రాయం ఇది. పెళ్ళి ఖర్చులో శుభలేఖల వంతు పెద్దది కాదు. బంగారమూ భోజనాలూ వేరే సంగతి. కానీ ఆ పెళ్ళి ఏ స్థాయిలో జరగాలో మొట్టమొదట నిర్ణయించేది శుభలేఖే. అది మఖమలులో వెళ్తే మండపం కాగితపు పూలతో ఉండకూడదు, మండపం ఘనమైతే విందు తగ్గకూడదు. ఒక మెట్టు పైకెక్కిన తండ్రి తరువాతి మెట్టుమీద ఆగలేడు. కావున మొదటి మెట్టు దగ్గరే, ఇంట్లోనే, మన చేతులతోనే మొదలుపెడితే మంచిది.

ఇది పరోపదేశ పాండిత్యం కాదు. నేనూ ఎక్కి పడినవాడినే. 2009లో, విరోధి నామ సంవత్సరంలో, మా పెద్దమ్మాయి పెళ్ళి. భవిష్యనిధిలోంచి తీసినది చాలక సహకార సంఘంలో అప్పు చేశాను. ఆరేళ్ళు జీతంలో కోత పడింది. శుభలేఖ పాఠం నేనే వ్రాసి, కంప్యూటరులో యూనికోడులో కూర్చి, ముద్రణాలయానికి ఇచ్చాను. వారి యంత్రంలో ఉన్నవి వేరే ఖతులు. నా పాఠం అక్కడ అతకదు కాబట్టి మొత్తం మళ్ళీ కొట్టారు. ఆ కొట్టడంలో ఒక అకారం జారిపోయింది. నేను చిత్తుప్రతి దిద్ది ఇచ్చాను. అచ్చయినది మాత్రం దిద్దని ప్రతి.

'అక్షతలు' అన్నచోట 'క్షతలు' అని పడింది. అక్షతమంటే విరగనిది, చెడనిది. క్షతమంటే గాయపడ్డది. నూతన వధూవరులపై క్షతలు చల్లవలసిందిగా నాలుగువందలమంది బంధుమిత్రులను ప్రార్థిస్తున్న తెలుగు పండితుణ్ణి ఊహించుకోండి! మళ్ళీ వేయించడానికి సమయమూ లేదు, సొమ్మూ లేదు. రెండు రాత్రులు కూర్చుని నాలుగువందల పత్రికల్లోనూ ఎర్రసిరా కలంతో 'అ' వ్రాశాను.

చిత్రమేమిటంటే, చాలా ఏళ్ళ తరువాత ఒక పూర్వ విద్యార్థి ఇంటికి వెళ్తే అతని పాత పుస్తకంలో ఆ శుభలేఖ కనిపించింది. "ఇంకా దాచావా?" అంటే, "మీ దస్తూరీ ఉంది కదండీ" అన్నాడు. బంగారురంగు అచ్చుకోసం ఎవరూ దాచలేదు. జారిపోయిన ఒక్క అక్షరాన్ని చేతితో నిలబెట్టినందుకు ఒకడు దాచాడు. ఆ సంగతి నా మనసులో నాటుకుపోయింది.

2024 మాఘమాసంలో చిన్నమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు, "నాన్నా, ఈసారి శుభలేఖ మనమే చేద్దాం" అని తానే అన్నది. సిలికానాంధ్రవారి పుణ్యమా అని పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ వంటి పేర్లతో యూనికోడు ఖతులు ఉచితంగా దొరుకుతున్నాయి. లిబ్రె ఆఫీసులో నేను కొట్టిన అక్షరమే కాగితంమీదికి వచ్చింది, నడుమ మరొక చెయ్యి లేదు. ఏ4 కాగితాన్ని అడ్డంగా రెండుగా కోసి, ఒక్కొక్క సగాన్ని మధ్యకు మడిస్తే రెండు పత్రికలు. నూటఅరవై పత్రికలకు ఎనభై మందపు కాగితాలు సరిపోయాయి.

మొదట మేమూ తప్పు చేశాం. ఇంట్లోని సిరాముద్రణ యంత్రంమీద ఇరవై ప్రతులు తీసి, నాలుగు మూలలా తడిపసుపు అద్దాము. మూలనున్న అక్షరాలన్నీ కరిగి పసుపులో కలిసిపోయాయి. తరువాత జిరాక్సు దుకాణంలో లేజరు ముద్రణ తీయించాము. ఆ నల్లపొడి కాగితానికి వేడితో అతుక్కుంటుంది కనుక తడికి చెదరదు. ఆ ఇరవై ప్రతుల వెనుకవైపు మా ఆవిడ పప్పుదినుసుల లెక్క వ్రాసుకున్నది.

పాఠం మనదైనప్పుడు భాషకూడా మనదవుతుంది. అచ్చు నమూనాల్లో ఏళ్ళ తరబడి వస్తున్న మాటలు చూడండి. 'సుస్వాగతం' అంటారు. సు, ఆగతం కలిస్తేనే స్వాగతం. దానికి ముందు మళ్ళీ 'సు' ఎందుకు? 'సకుటుంబ సపరివార సమేతముగా' అంటారు. 'స' అన్నప్పుడే 'కూడి' అన్న అర్థం వచ్చింది; సమేతం అదనపు బరువు. 'ప్రార్థన'లోని థకారం 'ధ' అయి కూర్చుంటుంది. మేము అవన్నీ తీసివేసి, "మా అమ్మాయి పెళ్ళి. ఇంటిల్లిపాదీ రండి. మీ అక్షతలు పడితేనే మాకు తృప్తి" అని వ్రాశాము. తిథివారనక్షత్రాల పాత వాక్యం మాత్రం అలాగే ఉంచాము. దాని నడకలోని గాంభీర్యం నాకు ఇష్టం.

ఇక అలంకరణ. పందిరి వేసింది మా పెరట్లోనే. మామిడాకుల తోరణాలు పిల్లలే కుట్టారు. ఆకును మడిచి కొబ్బరిఈనె గుచ్చడం ఒక పూటలో వచ్చేస్తుంది. గుమ్మానికి రెండువైపులా గెలలతో అరటిచెట్లు. బంతిపూలు ముందురోజు తెల్లవారుజామున కడియపులంక పూలసంతలో కొన్నాము. రాజమహేంద్రవరం నుండి ఎంత దూరం గనుక! లావుపాటి దారంతో పెద్దసూదికి గుచ్చి, గోనెపట్టామీద ఆరబోసి, సాయంత్రం కాస్త నీళ్ళు చిలకరించాము. తడిపూలను మూటకట్టి ఉంచితే తెల్లారేసరికి కుళ్ళిపోతాయి. ఇది మాత్రం మరువకండి. అడ్డుతెరపై ముగ్గును మా అక్కయ్య కుట్టింది. కొబ్బరిబొండానికి రంగులు పెళ్ళికూతురే వేసుకున్నది.

వధూవరుల పేర్లు థర్మాకోలుతో చెక్కించుదామని మా బావమరిది పట్టుబట్టాడు. 2022 జులై 1 నుండి దేశమంతటా అలంకరణకు థర్మాకోలు నిషిద్ధం. శుభలేఖలపై చుట్టే పలుచని ప్లాస్టిక్ పొరకూడా ఆ జాబితాలోనే ఉంది. ఆ మాట చెబితే, "పెళ్ళిలో ఎవరు చూస్తారు బావగారూ!" అన్నాడు. అట్టమీద చామంతిరేకులతో పేర్లు అతికించాము. బాగానే ఉంది. మధ్యాహ్నానికి కాస్త వాడింది. వాడనివ్వండి. అప్పటికి మూడుముళ్ళు పడిపోయాయి.

దీనిమీద రెండు ఆక్షేపణలు విన్నాను. మొదటిది, పీనాసితనం అని. విన్నాము, ఊరుకున్నాము. రెండవది గట్టిది. అందరూ ఇంట్లోనే చేసుకుంటే పూలవాళ్ళూ అచ్చువాళ్ళూ ఎలా బ్రతకాలి? నా సమాధానం ఒక్కటే. పూలకూ, కొబ్బరిమట్టల చిలకలు అల్లిన పెద్దాయన పనికీ మేము బేరమాడలేదు. చేతిపనికి ఇచ్చినది ఖర్చు కాదు. ఆడంబరానికి ఇచ్చినదే ఖర్చు. ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఇంటిపని అంటే చివరికి ఆడవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. అందుకని తోరణాలు, కాగితాల కోత, పసుపు అద్దడం మగవాళ్ళకు అప్పగించాము. వంట మాత్రం వంటవాళ్ళకే వదిలిపెట్టాము. అందులో సాహసం పనికిరాదు.

ఈ పెళ్ళికి నేను అప్పు చేయలేదు. శుభలేఖ వల్లనే అప్పు తప్పిందని అనను. కానీ కాగితాలు కోస్తూ మడుస్తూ గడిపిన ఆ పదిరోజుల్లో, "ఇది మనకు అవసరమా?" అని ఇంట్లో అందరమూ అడగడం నేర్చుకున్నాము. ఆ ప్రశ్న తరువాత ప్రతి ఖర్చు దగ్గరా నిలబడింది.

నా కిరాణా దుకాణం విద్యార్థికి ఇంకొక కూతురుంది, ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఈ పెళ్ళికి వెళ్ళి అక్షతలు వేసి వస్తాను. రెండవ పెళ్ళి మాట వచ్చిన రోజున మాత్రం, "ముందు మా ఇంటికి రారా, శుభలేఖ మనం కూర్చుకుందాం" అని చెప్పదలచుకున్నాను. అచ్చుకు వెళ్ళేముందు అకారాలన్నీ లెక్కపెట్టే పూచీ నాది.

మీ ఇళ్ళలో ఎవరైనా ఇలా చేసి ఉంటే, మీరు వ్రాసిన శుభలేఖ పాఠం పంపండి. చదవాలని ఉంది. తప్పులు మాత్రం వెదకనని మాట ఇవ్వలేను!

స్వస్తి.