బస్తా మీద "ఇమ్యూనిటీ" అని రాసే ముందు

వీడియో చూసే ముందు ఒక్క మాట. మనలో చాలామంది బియ్యం బస్తా మీద "రోగనిరోధక శక్తిని పెంచుతుంది" అని అచ్చు వేయిస్తున్నాం. ఆ మాట నిలబడాలంటే ముందు జింకు సంగతి చూసుకోవాలి.

రోగంతో పోరాడే టీ కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథిలో తయారై పనికి సిద్ధమవుతాయి. ఆ గ్రంథి ఇచ్చే థైములిన్ హార్మోన్ జింకు లేకపోతే పనిచేయదు. జింకు బాగా తగ్గితే గ్రంథే కుంచించుకుపోతుంది. విరేచనాలైన పిల్లలకు ఓఆర్ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు జింకు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి.

మరి మన అన్నంలో ఎంతుంది? మామూలు రకాల పాలిష్ బియ్యంలో కిలోకు 12 నుంచి 16 మిల్లీగ్రాములు. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ల డీఆర్ఆర్ ధాన్ 45లో 22.6. అంటే తేడా విత్తనం దగ్గరే మొదలవుతుంది.

తర్వాత నేల. డెల్టా చేలల్లో నీరు నిలిచే కొద్దీ జింకు మొక్కకు అందకుండా పోతుంది. జీవామృతం జింకును పుట్టించదు. నేలలో బిగుసుకున్న జింకును విడిపించే సూక్ష్మజీవులకు ఊతమిస్తుందంతే. అసలు నేలలోనే లేకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి?

అందుకే నేననేది, సాయిల్ హెల్త్ కార్డులో జింకు అంకె చూడండి. 0.6 పీపీఎం కన్నా తక్కువుంటే లోపం ఉన్నట్టే. పండిన బియ్యాన్నీ ల్యాబ్‌కి పంపి, వచ్చిన అంకెనే బస్తా మీద వేయండి. పిల్లాడి కోసం నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి మన బియ్యం కొనే తల్లికి ఆ లెక్క చెప్పాల్సిన బాధ్యత మనదే. పరీక్షకి మట్టి ఎలా తీయాలో వీడియోలో చూపించాను.