తిరుగు ప్రయాణం

దేశాటనం విజ్ఞానదాయకమని పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. అయితే ఆ మాట చెప్పినవారి దృష్టి వెళ్ళడం మీద నిలిచినంతగా తిరిగి రావడం మీద నిలిచినట్లు కనిపించదు. బయలుదేరే రోజున ముహూర్తం చూస్తారు. వీధి చివరిదాకా వచ్చి సాగనంపుతారు. తిరుగు ప్రయాణాన్ని మాత్రం ఎంత త్వరగా ముగిస్తే అంత మేలనుకుంటారు. దీర్ఘయాత్రలోని చివరి వారాల పట్ల ఈ చిన్నచూపు తగినది కాదు.

నేటి యువకుల సంగతే చూడవచ్చు. చదువు ముగిసి, ఉద్యోగంలో చేరడానికి ముందు నలుగురైదుగురు మిత్రులు వీపున సంచులు తగిలించుకొని రెండు మూడు నెలలపాటు దేశం చూడటానికి బయలుదేరడం ఇప్పుడు వింత కాదు. హిమాలయ ప్రాంతాలు, కాశీ, కలకత్తా, పూరీ చూసుకొని తూర్పు తీరం వెంట దిగివస్తారు. విశాఖపట్నం చేరేసరికి చేతిలోని డబ్బు అడుగంటుతుంది. చెప్పులు అరిగిపోతాయి, చెప్పుకోవలసిన హాస్యోక్తులూ అయిపోతాయి. ఏ ఊరిలో టీ డబ్బులు ఎవరిచ్చారన్న లెక్క దగ్గర మొదలైన మాట మనస్తాపం దాకా పోతుంది. అంతటితో మిగిలిన పది రోజులనూ రద్దు చేసుకొని, ఒకరు విమానమూ ఒకరు రైలూ పట్టుకొని ఎవరి దారిన వారు ఇల్లు చేరుతారు. యాత్ర ముగిసిందని వారు భావిస్తారు గాని, నిజానికది మధ్యలో తెగిపోయింది.

తెలుగు కావ్యాలలో ఇందుకు చక్కని నిదర్శనం ఉంది. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడు తీర్థయాత్రల కథలు వినడమంటే చెవి కోసుకొనేవాడు. ఒక సిద్ధుడిచ్చిన పసరును పాదాలకు పూసుకొని, అడుగు కదపనక్కర లేకుండా హిమాలయం చేరాడు. మంచుకు ఆ పసరు కరిగిపోగానే ఇంటికి దారి తెలియక విలవిలలాడాడు. వెళ్ళిన దారి కాలికి తెలియనివాడికి వచ్చే దారి ఎలా తెలుస్తుంది? నేటి విమానపు టిక్కెట్టు ఆ పసరు వంటిదే. అది చెడ్డదని కాదు, అవసరానికి ఆదుకొనేదే. కాని అది దూరాన్ని తగ్గించదు, దూరాన్ని మన కంటికి కనబడకుండా చేస్తుంది, అంతే.

దీనికి భిన్నమైన దృష్టి కాళిదాసుది. రఘువంశంలో పదమూడవ సర్గ మొత్తాన్నీ ఆయన తిరుగు ప్రయాణానికే కేటాయించాడు. పుష్పక విమానంలో అయోధ్యకు మరలుతూ రాముడు తాము పూర్వం తిరిగిన చోట్లను, సీతను వెదకుతూ తాను దుఃఖించిన చోట్లను ఆమెకు చూపుతాడు. ఆ చోట్లు అవే. వాటిని చూసే కన్నులు మాత్రం మారాయి. విమానమెక్కినా దారిని విడువని ప్రయాణమది.

కావ్యాల మాట అలా ఉంచితే, తెలుగు నేల మీద నిజంగా జరిగిన ఒక మహాయాత్ర ఈ విషయంలో మరింత గట్టి సాక్ష్యం. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. ఆయన వెంట కుటుంబంతో పాటు బోయీలు, పరిచారకులు కలిసి పెద్ద బృందమే ఉంది. వెళ్ళేటప్పుడు హైదరాబాదు, నాగపూరుల మీదుగా లోనాడు దారిని వెళ్ళినవారు, తిరిగి వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ మీదుగా సముద్రతీరపు దారిని పట్టి, విశాఖపట్నం, రాజమహేంద్రవరం దాటి దక్షిణానికి సాగారు. కాశీకి వెళ్ళినవాడు కాటికి వెళ్ళినవాడితో సమానమన్న సామెత పుట్టిన కాలమది. ఆ బృందంలోనివారికి స్వస్థలం మీద ఎంత మమకారం కలిగి ఉంటుందో ఊహించవచ్చు.

వారి చివరి వారాలు వానకాలంలో పడ్డాయి. అప్పటికి తీరం వెంట రైలు లేదు. అది 1890ల దశకంలో గాని రాలేదు. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైనది 1847లో, రాజమహేంద్రవరం దగ్గర రైలు వంతెన పూర్తయినది 1900లో. ఏరు వస్తే పడవ కోసం కాచుకోవలసిందే. ఇన్ని ఇబ్బందుల మధ్య వీరాస్వామయ్య కలం దించలేదు. మద్రాసులోని తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు మార్గంలోని ఊళ్ళను, బాటలను, వసతులను, జనుల ఆచారాలను వ్రాసి పంపుతూనే ఉన్నారు. కాశీ చూడటం అయిపోయింది గదా, ఇక వ్రాయడానికేముందని ఆయన అనుకొని ఉంటే, తెలుగు తీరసీమ గురించి ఆనాటి తెలుగువాడు వాడుక మాటల్లో వ్రాసిన అపురూపమైన వర్ణన మనకు దక్కేది కాదు. ఆ మరుసటి సంవత్సరమే, 1832లో, నందన కరువు మొదలై గుంటూరు ప్రాంతంలో ఊళ్ళకు ఊళ్ళు శిథిలమయ్యాయి. కరువుకు ముందటి ఆ సీమను చూపే రచన కావడం వల్ల చరిత్రకారులకు ఆ తిరుగు ప్రయాణపు పుటలు ఎంత విలువైనవో చెప్పనక్కర లేదు.

నాడు వీరాస్వామయ్య చూసిన విశాఖకు నౌకాశ్రయం లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరుకును చిన్న పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. రేవు 1933లో ప్రారంభమైంది. 1966లో ఉక్కు కర్మాగారం కోసం జరిగిన ఉద్యమంలో ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఆ కర్మాగారానికై భూములూ ఇళ్ళూ వదలుకొన్న పల్లెలవారికి తిరుగు ప్రయాణమన్నదే లేకపోయింది. యాత్రారంభంలో ఉన్న మిత్రులు ఈ నగరానికి వస్తే సముద్రతీరం, కైలాసగిరి, జలాంతర్గామి ప్రదర్శనశాల చూసి ఫోటోలు దిగి వెళ్తారు. అందులో తప్పు లేదు. అయితే రెండు నెలలు తిరిగి అలసినవారి చూపు వేరుగా ఉంటుంది. వేకువన చేపలరేవులో, రోజుల తరబడి నడిసముద్రంలో ఉండి వచ్చిన పడవలవారు ఎవరితోనూ మాట్లాడక, వేలం ముగిసేదాకా తెచ్చిన చేపల పక్కనే కూర్చోవడం వారి కంటబడుతుంది. రాత్రి పని ముగించుకొని ఉక్కునగరం చేరే కార్మికుని నడకలోని బరువు వారికి అర్థమవుతుంది. తమ కాళ్ళు నొచ్చినవారికే ఇతరుల కాళ్ళ నొప్పి తెలుస్తుంది.

భీమిలి దారిలోని తొట్లకొండ సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగినది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ కొండకు ఆ పేరు వచ్చింది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ బౌద్ధవిహారపు గదుల పునాదులు 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాలలో బయటపడ్డాయి. వర్షకాలంలో సంచారం మాని ఒకేచోట నిలవడం బౌద్ధభిక్షువుల నియమం. నిలవడం కూడా యాత్రలో భాగమేనని వారికి తెలుసు. డబ్బు చాలక, రోజుకు ఒకే ఊరు, ఒకే వీధి చూడగలిగిన మిత్రులకు ఆ ఆగడం అప్రయత్నంగానే లభిస్తుంది. దానిని లేమి అనుకోవడం పొరపాటు.

ఇంటి దగ్గర తల్లిదండ్రులు ఎదురుచూస్తుంటారు, ఉద్యోగాల గడువులుంటాయి, ఒకరికి జ్వరం రావచ్చునని ఆక్షేపించేవారున్నారు. ఆ ఆక్షేపణ సమంజసమే. రోగిని మోసుకు తిరగమని ఎవరూ చెప్పరు. కాని విసుగు రోగం కాదు. మొదటి వారంలో అందరూ మంచి మిత్రులే. అప్పుడు ఎవరికీ ఏమీ తక్కువ కాలేదు. మిగిలిన ఒక్క అరటిపండును నలుగురు పంచుకోవలసి వచ్చినప్పుడు, నిన్న అలిగినవాడి సంచిని ఈరోజు మోయవలసి వచ్చినప్పుడు స్నేహానికి రూపం ఏర్పడుతుంది. ఆ రోజులను కోసివేసి ఇల్లు చేరినవారు చిన్న తగాదాను తెంపకుండానే వెంట తెచ్చుకొంటారు. దానిని సరిదిద్దుకొనే అవకాశం ఉన్న చోటు మాత్రం వెనుక దారిలోనే ఉండిపోతుంది.

వీరాస్వామయ్య 1836లో మరణించారు. దారి పొడవునా ఆయన వ్రాసి పంపినదంతా శ్రీనివాసపిళ్ళె భద్రపరిచారు. 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించినది ఆయనే.