ఫాబ్రికేషన్ కంపెనీ పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

ఇనుము బజారులో ప్లేట్లు, యాంగిళ్ళు, ఛానళ్ళు అరువు మీద ఇచ్చే వర్తకులు సాధారణంగా కొనుగోలుదారు గురించి మూడు సంగతులు విచారిస్తారు. మేనేజింగ్ డైరెక్టరు ఎవరు, చేతిలో ఎంత ఆర్డరు ఉన్నది, ఏ బ్యాంకులో ఖాతా ఉన్నది. మరికొందరు ముందుజాగ్రత్త గలవారు బ్యాలెన్సు షీటు కూడా తెప్పించి చూస్తారు. అయితే కంపెనీ డిజైను ఆఫీసులో కూర్చున్నది ఎవరు, సరుకు కొనుగోలు మీద సంతకం ఎవరిది, చేసిన పనికి బిల్లు పాసు చేయించుకుని వచ్చేది ఎవరు అని అడిగేవారు బహు తక్కువ. స్ట్రక్చరల్ ఫాబ్రికేషన్ వ్యాపారంలో ఛైర్మన్ పేరు కన్న ఈ ముగ్గురి పేర్లే వర్తకుని బాకీకి పూచీ. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. కాని మన సరిహద్దులోనే జరిగిన ఒక కంపెనీ కథ చూస్తే ఇందులో అతిశయోక్తి లేదని తెలుస్తుంది.

హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాం కట్టేటప్పుడు గేట్లు తయారు చేయడానికి ఒక వర్క్‌షాపు వెలిసింది. డ్యాంలో నీరు నిలిపింది 1953లో. పని అయిపోయిన తరువాత వర్క్‌షాపును మూసివేయకుండా 1960లో తుంగభద్ర స్టీల్ ప్రోడక్ట్స్ లిమిటెడ్ అనే కంపెనీగా మార్చారు. అప్పటి ఆంధ్రప్రదేశ్, మైసూరు ప్రభుత్వాలు ఇందులో భాగస్వాములు. డ్యాం గేట్లు, పెన్‌స్టాకు గొట్టాలు, హాయిస్టులు, క్రేన్లు, విద్యుత్తు టవర్లు దీని సరుకు. అంటే ప్లేటు ముక్కలు కోసి వెల్డింగు చేసే మామూలు షెడ్డు కాదు. నీటి ఒత్తిడి లెక్క కట్టి, డ్రాయింగు గీసి, గేటు చేసి, డ్యాం మీదికి తీసుకుపోయి బిగించి వచ్చే సంస్థ. ఇటువంటివి దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే ఉండేవి.

తరువాత పెద్ద వాటా కేంద్ర ప్రభుత్వానికి పోయింది. 1986లో అలహాబాదు కేంద్రంగా భారత్ యంత్ర నిగమ్ అనే మాతృసంస్థను పెట్టి, దాని కిందికి అరడజను కంపెనీలను చేర్చారు. విశాఖలోని భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్, బొంబాయిలోని రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్, కలకత్తాలోని బ్రిడ్జ్ అండ్ రూఫ్, నైనీలోని త్రివేణి స్ట్రక్చరల్స్ వీటిలో ఉన్నాయి. హొసపేట కంపెనీ కూడా ఇదే చూరు కిందికి వెళ్ళింది. తుంగభద్ర గట్టున షాపు, అలహాబాదులో పెద్దలు, ఢిల్లీలో మంత్రిత్వ శాఖ, బెంగుళూరు, హైదరాబాదుల్లో ఖాతాదారులు. గేట్లు కొనేది నీటిపారుదల శాఖలే కనుక ఖాతాదారూ ప్రభుత్వమే, యజమానీ ప్రభుత్వమే. ఇటువంటి చోట బాకీ గట్టిగా అడగటానికి ఎవరికి నోరు వస్తుంది? ప్రైవేటు కంట్రాక్టరయితే చీఫ్ ఇంజినీరు గుమ్మం ముందు బైఠాయించి అయినా రన్నింగు బిల్లు తెచ్చుకుంటాడు. జీతానికి పనిచేసే అధికారి ఉత్తరం రాసి, నకలు ఫైలులో పెట్టి ఊరుకుంటాడు. ఇది మనుషుల తప్పు కాదు, కుర్చీల అమరిక అటువంటిది.

ఇంకొక మార్పు కూడా ఈ లోగానే వచ్చింది. పాత తరం వర్తకులకు జాయింట్ ప్లాంట్ కమిటీ రోజులు బాగా గుర్తుండి ఉంటాయి. ఉక్కు ధర కమిటీ నిర్ణయించేది, సరుకు కేటాయింపు మీద వచ్చేది, రైలు కిరాయి సమానీకరణ వల్ల భిలాయి ప్లేటు భిలాయి పక్కన ఎంతో, హొసపేటలోనూ హైదరాబాదులోనూ ఇంచుమించు అంతే. ఆ రోజుల్లో ఫాబ్రికేషన్ కంపెనీకి కావలసిన పెద్ద మనిషి ఢిల్లీలో ఫైలు కదిలించగలవాడు. 1992 జనవరిలో ధరల నియంత్రణ, కిరాయి సమానీకరణ రెండూ పోయాయి. దాంతో ఢిల్లీలో ఫైలు కదిపే మనిషి విలువ పడిపోయి, బజారు నాడి తెలిసి ఎప్పుడు కొనాలో, ఎప్పుడు ఆగాలో చెప్పగల మనిషి విలువ పెరిగింది. ఈ మార్పును గమనించి కుర్చీలలో మనుషులను మార్చుకున్న కంపెనీలు నిలిచాయి. మార్చుకోలేనివి ఏటా నష్టం రాసుకున్నాయి.

విచిత్రం ఏమిటంటే, 1990ల చివరి సంవత్సరాల్లో హొసపేటకు కూతవేటులో, తోరణగల్లులో జిందాల్ వారి ఉక్కు కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎక్కడో భిలాయి నుంచి ప్లేటు వ్యాగన్లలో తెచ్చుకున్నన్నాళ్ళు బతికిన కంపెనీ, ఉక్కు ఇంటి ముందుకు వచ్చిన తరువాత చేతులెత్తేసింది. ముడిసరుకు దగ్గరగా ఉంటే చాలు, ఫాబ్రికేషన్ పరిశ్రమ దానంతట అదే వర్ధిల్లుతుందని చెప్పే ఆర్థికవేత్తలు ఈ ఒక్క ఉదాహరణకైనా సమాధానం చెప్పాలి. 2015 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం కంపెనీ మూసివేతకు ఆమోదం తెలిపింది. 2017లో హొసపేటలోని 82.37 ఎకరాల భూమిని ఎకరా 66 లక్షల రూపాయల లెక్కన కర్ణాటక ప్రభుత్వానికి ఇచ్చేందుకు కూడా ఆమోదించింది. భూమికి ధర కట్టారు. డ్రాయింగులకు, వాటిని గీసిన చేతులకు ధర కట్టే పద్ధతి మన ఖాతా పుస్తకాల్లో లేదు. ఇది బి.కాం. చదివిన వారందరికీ తెలిసిన లోపమే.

ఆ లెక్క 2024లో బయటపడింది. ఆగస్టు 10 రాత్రి, డ్యాం నిండుగా ఉన్న సమయంలో, 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. గేటు వెడల్పు 60 అడుగులు, ఎత్తు 20 అడుగులు. మిగతా గేట్ల మీద ఒత్తిడి తగ్గించడానికి వాటినీ ఎత్తి నీరు వదలవలసి వచ్చింది. రాయచూరు, కొప్పళ, బళ్ళారి వరి పొలాలు, మన కర్నూలు, అనంతపురం కాలువల రైతులు, గద్వాల వైపు ఆర్.డి.ఎస్. ఆయకట్టు, వీరందరి పంట ఒక గొలుసు లంకె మీద వేలాడుతున్నదని ఆ రోజు అందరికీ అర్థమయింది. బియ్యం, మిరప, పత్తి వ్యాపారం చేసేవారు ఇనుము వార్తలు మనకెందుకని ఈ పుట తిప్పేస్తుంటారు. వారికీ ఆ వారం నిద్ర పట్టి ఉండదు.

అప్పుడు పిలిపించింది ఎవరిని? చిత్తూరు జిల్లాకు చెందిన రిటైర్డు గేట్ల ఇంజినీరు ఎన్. కన్నయ్య నాయుడును. ఆయన మూతపడిన ఈ తుంగభద్ర స్టీల్ ప్రోడక్ట్స్‌లో పనిచేసిన మనిషే. ఆయన సలహా మీద, కొట్టుకుపోయిన గేటు స్థానంలో 60 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు గల 5 స్టాప్‌లాగు పలకలను ఒకదాని మీద ఒకటి దించాలని నిర్ణయించారు. పలకలు హొసపేట పరిసరాల ప్రైవేటు వర్క్‌షాపుల్లోను, జిందాల్ వారి వద్దను తయారయ్యాయి. పారుతున్న నీటిలోనే వాటిని దించి, ఆగస్టు 17 నాటికి ప్రవాహాన్ని ఆపారు. తరువాత నెలలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను పడవలు ఢీకొట్టినప్పుడూ ఆయననే రప్పించారు.

ఈ సంఘటనకు పత్రికలు ఆయన వయసును, ధైర్యాన్ని మెచ్చుకున్నాయి. మెచ్చుకోదగినదే. కాని వర్తకులు గమనించవలసింది వేరే ఉన్నది. ప్లేటు దొరికింది, వెల్డర్లు దొరికారు, క్రేన్లు దొరికాయి, డబ్బుకూ కొదువ రాలేదు. దొరకడం కష్టమయింది, ఏ పలక ముందు దించాలో చెప్పి దానికి బాధ్యత వహించగల ఒక్క మనిషి. ఆ మనిషిని తయారు చేసిన కంపెనీ అప్పటికే చరిత్రలో కలిసిపోయింది. 2025 ఖరీఫులో జాగ్రత్త కోసం డ్యాంలో నిల్వను 80 టి.ఎం.సి.లకు పరిమితం చేశారు. మొత్తం గేట్లు మార్చే పని గుజరాత్ కంపెనీకి వెళ్ళింది. గేట్లు చేయడానికే పుట్టిన కంపెనీ ఉన్న ఊరికి గేట్లు పై ఊరి కంపెనీ చేయవలసి వచ్చింది!

ఇక మన పటాన్‌చెరు, జీడిమెట్ల, ఆటోనగర్ కంపెనీల సంగతికి వద్దాం. ఇవి అధికంగా కుటుంబ సంస్థలు. అన్న మేనేజింగ్ డైరెక్టరు, తమ్ముడు వర్క్స్, బావమరిది కొనుగోళ్ళు, అల్లుడు కొత్తగా మార్కెటింగు. ఇందులో తప్పేమీ లేదు. బాకీ అడిగినప్పుడు కనీసం ముఖం ఎదుట ఒక మనిషి ఉంటాడు. చిక్కు ఎక్కడంటే, డిజైనుకు మాత్రం చాలా మంది బయటి కన్సల్టెంటు మీద ఆధారపడతారు. అది ఖర్చు తగ్గింపు అనుకుంటారు.

ఒక చిన్న లెక్క చూద్దాం. 1,000 టన్నుల స్ట్రక్చరు పని వచ్చిందనుకుందాం. కత్తిరింపు ప్లాను తెలిసిన ఇంజినీరు షాపులోనే ఉంటే తరుగు 5 శాతంతో సరిపెడతాడు. లేకపోతే 9 శాతం పోతుంది. తేడా 40 టన్నులు. ప్లేటు టన్ను 50,000 రూపాయలు, తుక్కు 30,000 అనుకుంటే, టన్నుకు 20,000 చొప్పున 8 లక్షల రూపాయలు నేల మీద పడిపోయాయి. అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే, ఎవరి బజారు ధర వారు వేసుకోవచ్చు. ఆ ఇంజినీరు ఏడాది జీతం ఒక్క ఆర్డరులోనే తేలిపోయింది. పైగా ఈ నష్టం మొదట కనిపించేది కంపెనీ ఖాతాలో కాదు, ప్లేటు అరువిచ్చిన వర్తకుని వాయిదాలో. 30 రోజులన్నది 70 రోజులవుతుంది. బజారులో డబ్బు బిగుసుకున్నదని చెబుతారు. బిగుసుకున్నది డబ్బు కాదు, షాపు మూలన తుప్పు పట్టిన ముక్కల్లో చిక్కుకున్నది.

కొనుగోలు కుర్చీ కూడా ఇటువంటిదే. ఫాబ్రికేషన్ ఆర్డరు విలువలో సగానికి పైగా ఉక్కే. ఖాతాదారుతో ధర హెచ్చుతగ్గుల షరతు రాయించుకోకుండా ఆర్డరు పట్టుకువచ్చిన మార్కెటింగు మేనేజరును శాలువా కప్పి సన్మానించే కంపెనీలున్నాయి. ఆరు నెలల తరువాత ప్లేటు ఎగబాకితే ఆ నష్టం మోసేది కొనుగోలు మేనేజరు. ఆయన తిరిగి వర్తకుని దగ్గరకే వస్తాడు, పాత ధరకే ఇవ్వండి అని. ఆర్డరు కాగితం మీద సంతకం పెట్టే ముందు కొనుగోలు మేనేజరును అడిగే అలవాటు లేని కంపెనీకి నిలకడ ఉండదు.

బిల్లుల వసూలు మనిషి గురించి ఎంత చెప్పినా తక్కువే. మేనేజింగ్ డైరెక్టరు కాఫీ ఇప్పించి, వచ్చే సోమవారం చెక్కు అంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యనట్లు, అకౌంట్సు విభాగం రిటెన్షను సొమ్ము రాలేదంటుంది. చట్టం అండ ఉన్నదని కొందరు వర్తకులు ధీమాగా ఉన్నారు. చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలన్న నిబంధన, 2024 నుంచి ఆదాయపు పన్నులో దానికి తోడైన 43బి(హెచ్) తయారీదార్లకు, సేవలు అందించేవారికి ఉద్దేశించినవి. 2021 జూలైలో టోకు, చిల్లర వర్తకులను చిన్న సంస్థల జాబితాలో చేర్చిన మాట నిజమే కాని, అది బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే. అందుచేత ఉద్యమ్ సర్టిఫికెట్టు గోడకు తగిలించి బాకీ దానంతట వస్తుందనుకోవడం పొరపాటు. అదే ఫాబ్రికేటరు మాత్రం తాను చిన్న తయారీదారునని చెప్పి పెద్ద కంట్రాక్టరు నుంచి 45 రోజుల్లో రాబట్టుకోగలడు. రాబట్టుకోగల మనిషి ఆ కంపెనీలో ఉంటే.

అందువల్ల కొత్త ఖాతా తెరిచేటప్పుడు ఆఫీసుకు కాక షాపుకు వెళ్ళడం మేలు. మధ్యాహ్నం షిఫ్టులో వెళితే ఇంకా మంచిది. నేల మీద డ్రాయింగు నంబరు సుద్దతో రాసి ఉన్నదా, ముక్కలు సైజు ప్రకారం పేర్చి ఉన్నాయా, షాపు ఇంజినీరు ఎన్నేళ్ళుగా అక్కడ ఉన్నాడు, కన్సల్టెంటు ప్లాను తప్పని తోస్తే పని ఆపే అధికారం ఆయనకు ఉన్నదా అని అడగవచ్చు. ప్రభుత్వ సంస్థ అయితే వార్షిక నివేదికలో మేనేజింగ్ డైరెక్టరు పేరు పక్కన 'అదనపు బాధ్యతలు' అనే రెండు మాటలు ఎన్ని ఏళ్ళుగా ఉన్నాయో చూడాలి. రెండో ఏడు కూడా ఉంటే అరువు పరిమితి సగానికి తగ్గించుకోవచ్చు.

డ్యాం గేట్ల మరమ్మతు పనులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, కర్ణాటకలోనూ రానున్న సంవత్సరాల్లో పెరుగుతాయి. ఆర్డరు పట్టుకున్న కంపెనీలు ప్లేటు కోసం మన బజారుకే వస్తాయి. గేటు డ్రాయింగు మీద సంతకం పెట్టేది ఎవరు, ఆయన నెల జీతం మీద ఉన్నాడా లేక ఫోను మీద దొరికే కన్సల్టెంటా అని అడగడానికి దలాలీలు గాని, స్టాకిస్టులు గాని మొహమాటపడనవసరం లేదు. సరుకు కాటా ఎక్కక ముందే అడగాలి.