శిశుపోషణము: పసిబిడ్డల తుంటిగిన్నె

కర్నూలు, కడప ప్రాంతములందు పసిబిడ్డను కాళ్ళపై బరుండబెట్టుకొని నీళ్ళుపోయునపుడు, కాళ్ళు చక్కనగునని సాగదీసి, పిదప గుడ్డలో బిగియజుట్టు వాడుక కొన్ని యిండ్లలో గలదు. ఇది మానదగినది. ఏలనందురా?

తొడయెముక గుండ్రని తల తుంటిలోని గిన్నెయందు నిమ్మపండువలె నిమిడి తిరుగును. కొందఱు శిశువులకు బుట్టుకతోనే యా గిన్నె లోతు చాలక మూకుడువలె నుండును. దాని నోరు తఱచుగా ముందునకును వెలుపలికిని మితిమీరి తిరిగియుండును. అట్టి కాళ్ళను బలిమిని చాచినచో తల జాఱవచ్చును. ఆడుశిశువులకు, తొలిచూలు బిడ్డలకు, ఎదురుకాళ్ళతో బుట్టినవారికి ఈ లోపము హెచ్చు.

నొప్పి యుండదు గనుక బిడ్డ యేడ్వదు; తల్లియే కనిపెట్టవలెను. మోకాళ్ళు మడచి తొడలను మెల్లగా విప్పినపుడు ఒకటి తక్కువగా విచ్చుకొన్నను, రెండును బిగిసియున్నను, ఒక కాలు పొట్టిగా దోచినను, వెంటనే యెముకల వైద్యునకు జూపవలయును. 1957లో వెలసిన కర్నూలు వైద్యకళాశాల ఆసుపత్రియందును, 2006లో నెలకొన్న కడప వైద్యకళాశాల ఆసుపత్రియందును అట్టి వైద్యులు గలరు.

తొలి యాఱుమాసములలో పావ్లిక్ పట్టీలతో తొడలను మడచి యెడముగా నుంచినచో, తల నడుమ గుదురుకొని, దాని యొత్తిడిచేతనే గిన్నె లోతగును. నడక వచ్చినపిదప దెలిసినచో, 1961లో సాల్టరు ప్రకటించిన రీతిని ఎముకను గోసి గిన్నెను ద్రిప్పవలసి రావచ్చును. ఉపేక్షించినచో కుంటినడకయు, యౌవనముననే కీలునొప్పియు సంభవించును.

మెడ నిలిచిన బిడ్డను కాళ్ళు చెఱియొకవైపున వేసి చంకనెత్తుకొను మన పెద్దల వాడుక తుంటికి మేలే. నేడు నీళ్ళుపోయునపుడే బిడ్డ తొడలు విప్పి చూడుడు.